రెండు కప్పులు తెచ్చిన హర్లీకి అహం ఎక్కువైందా?

హార్ట్‌ఫర్డ్_హరి

2025 మార్చి 23, ఆదివారం రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ టోర్నమెంటులో మన యూకాన్ (కనెక్టికట్ యూనివర్సిటీ) ఫ్లోరిడా మీద 77-75తో ఓడినందుకు కాదు. ఎనిమిదో సీడ్‌గా (టోర్నమెంటులో ఇచ్చే ర్యాంకు) వెళ్ళి ఒకటో సీడ్‌ను చివరి నిమిషం దాకా వణికించాం. కుర్రాళ్ళు ప్రాణం పెట్టి ఆడారు. టోర్నమెంటులో వరసగా 13 ఆటలు గెలిచాక ఒకటి పోయింది, అంతే.

నన్ను బాధపెట్టింది ఆట అయ్యాక వచ్చిన వీడియో. మన కోచ్ డాన్ హర్లీ లాకర్ రూమ్ వైపు వెళ్తూ, తర్వాతి ఆటకు వస్తున్న బేలర్ యూనివర్సిటీ వాళ్ళతో రెఫరీల గురించి ఒక బూతు మాట అన్నాడు. మాకు చేసినట్టు మీకు చెయ్యకుండా ఉంటే బాగుండు అని దాని అర్థం. ఆ వీడియో పెట్టిన విలేకరిని మన యూనివర్సిటీ ఉద్యోగి ఒకాయన బెదిరించాడని, తర్వాత క్షమాపణ చెప్పాడని వార్త.

ఇది ఒక్కసారి జరిగింది కాదు. నవంబరులో హవాయిలోని మౌయిలో మూడు రోజుల్లో మూడు ఆటలు ఓడాం. మొదటిది మెంఫిస్‌తో. ఓవర్‌టైమ్‌లో 92-92, ఇంకా 40 సెకన్లు ఉంది. మన మెక్‌నీలీ మీద ఫౌల్ ఇచ్చారు. హర్లీ వెల్లకిలా నేల మీద పడి, లేచి అరిచి టెక్నికల్ ఫౌల్ (దురుసు ప్రవర్తనకి వేసే శిక్ష) తెచ్చుకున్నాడు. మెంఫిస్ కుర్రాడు, ఎవరూ అడ్డుపడకుండా వేసే ఫ్రీ త్రోలు, నాలుగూ వేశాడు. 99-97తో ఆట పోయింది. జనవరిలో బట్లర్‌తో ఆడుతున్నప్పుడు రెఫరీతో "నాకు వీపు తిప్పకు, ఈ ఆటలో అందరికంటే గొప్ప కోచ్‌ని నేను" అన్నాడు. మధ్యలో బూతు కూడా ఉంది. టీవీ చూస్తున్న వాళ్ళంతా విన్నారు.

మా వాడికి 11 ఏళ్ళు, టౌన్ లీగ్‌లో ఆడతాడు. పోయిన శనివారం ట్రావెలింగ్ (బంతితో ఎక్కువ అడుగులు వేసిన తప్పు) ఇచ్చారని రెండు చేతులూ చాచి, తల పట్టుకుని రెఫరీ వెనకాలే నడిచాడు. అచ్చం హర్లీయే. పక్కన కూర్చున్న తల్లిదండ్రులు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ రెఫరీ హైస్కూల్లో చదివే పిల్ల, పదహారేళ్ళు ఉంటాయేమో.

కప్పులు గెలిచిన 2023లోనూ 2024లోనూ ఇదే మనిషి, ఇవే అరుపులు. అప్పుడు నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. అందుకే అడుగుతున్నాను. ఇతని అహం నిజంగా సమస్యేనా, లేక ఓడిపోయాం కాబట్టి ఇప్పుడు సమస్యలా కనబడుతోందా?

నిజామాబాద్_శ్రీను

పాలిచ్చే గేదె తన్నినా ఓర్చుకోవాలంటారు మా ఊళ్ళో. రెండేళ్ళలో రెండు కప్పులు అన్నా. 2006, 2007లో ఫ్లోరిడా తర్వాత వరసగా రెండు గెలిచిన జట్టు ఇదే. తన్నితే తన్నాడు.

గుంటూరు_గోపి

గెలిస్తే పట్టుదల, ఓడితే పొగరు. 2024 ఏప్రిల్‌లో ఫైనల్లో పర్డ్యూ మీద 75-60తో గెలిచినప్పుడు ఇక్కడే అందరూ "ఏం నిప్పు, ఏం కసి" అని రాశారు. ఆ మాటలు ఏమయ్యాయి?

స్టోర్స్_స్వాతి

నేను ఇక్కడ స్టోర్స్‌లో, యూకాన్ క్యాంపస్‌లోనే ఎంఎస్ చేస్తున్నాను. వచ్చేదాకా బాస్కెట్‌బాల్ అంటే బొమ్మల్లో చూడడమే. మా గాంపెల్ స్టేడియంలో పదివేల మంది మధ్య నిలబడి ఒక్క ఆట చూస్తే హర్లీ గురించి మన అభిప్రాయం మారుతుంది. ఆయన అరుపుల్లో రెఫరీల మీద పడేవి కొన్నే. మిగతావన్నీ సొంత కుర్రాళ్ళ మీద: స్క్రీన్ సరిగ్గా పెట్టలేదని, రీబౌండుకి ఒక అడుగు ఆలస్యమైందని. ఇరవై పాయింట్ల ఆధిక్యంలో ఉన్నా అదే అరుపు. అది అహం అనిపించదు నాకు, మనిషికి ఊపిరాడట్లేదేమో అనిపిస్తుంది.

ఇంకొకటి. మన ఆటగాడు కారబాన్ రెండు కప్పులు గెలిచాక ఎన్‌బీఏకి (ప్రొఫెషనల్ లీగ్) వెళ్ళిపోవచ్చు, మళ్ళీ వచ్చాడు. శాంసన్ జాన్సన్, హసన్ డియారా కూడా ఉండిపోయారు. హర్లీ అంత చెడ్డవాడైతే వీళ్ళెందుకు ఉంటారు?

ఎడిసన్_రెఫరీ

శనాదివారాల్లో పిల్లల ఆటలకు విజిల్ ఊదుతాను, ఎనిమిదేళ్ళుగా. హరి గారు రాసింది చదివి గుండె బరువెక్కింది.

కాలేజీ ఆటలో కోచ్‌కి టెక్నికల్ ఇస్తే అవతలి జట్టుకు రెండు ఫ్రీ త్రోలు. అదే ఆటలో రెండోది తెచ్చుకుంటే కోచ్ బయటికి పోవాలి. మెంఫిస్ ఆటలో ఆ ఫౌల్ ఇవ్వడం తప్పే అనుకుందాం, నాకూ అనుమానమే. కానీ స్కోరు సమానంగా ఉండి 40 సెకన్లు మిగిలినప్పుడు కోచ్ చేయాల్సిన మొదటి పని తన నోరు అదుపులో పెట్టుకోవడం. ఇరవై ఏళ్ళ కుర్రాడు అదే తప్పు చేస్తే బెంచి మీద కూర్చోబెడతాడు కదా. కోచ్‌ని ఎవరు కూర్చోబెడతారు?

మా లీగ్‌లో టీనేజ్ పిల్లలే చిన్న తరగతులకు రెఫరీలు. ఆటకి కాస్త డబ్బు వస్తుందని, ఆట నేర్చుకోవచ్చని వస్తారు. పోయిన సీజన్‌లో ఒక అమ్మాయి సగం ఆటలో విజిల్ నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు. అరిచింది ఎవరో కాదు, ఎనిమిదేళ్ళ పిల్లల జట్టు కోచ్. టీవీలో ఎలా చేస్తారో అలాగే చేశాడు, వేలు చూపించే తీరుతో సహా.

నిజామాబాద్_శ్రీను

ఆ అమ్మాయి విషయం బాధగానే ఉంది అన్నా. కానీ దానికి హర్లీని పట్టుకుంటే ఎట్లా? ఆ కోచ్‌కి ఇంగితం లేకపోతే అది ఆయన తప్పు.

బ్లూమింగ్టన్_బాబు

కాస్త పెద్దగా రాస్తున్నా, ఓపిక పట్టండి. నేను 1999లో ఖమ్మం నుంచి ఇండియానా యూనివర్సిటీకి వచ్చాను. అక్కడ బాబ్ నైట్ అంటే కోచ్ కాదు, ఊరి దేవుడు. 29 సీజన్లు, మూడు కప్పులు: 1976, 1981, 1987. 1976 జట్టు 32 ఆటలాడి ఒక్కటీ ఓడలేదు. ఆ తర్వాత ఇప్పటిదాకా పురుషుల ఆటలో అలా ఓటమి లేకుండా కప్పు ఎత్తిన జట్టు లేదు. కుర్రాళ్ళు క్లాసులకు వెళ్ళకపోతే ఊరుకునేవాడు కాదు, డిగ్రీ పూర్తి చేయించేవాడు. దొంగచాటుగా ఆటగాళ్ళకు డబ్బులిచ్చాడని ఎవరూ వేలెత్తి చూపలేదు.

1985లో పర్డ్యూతో ఆడుతూ ఎర్ర కుర్చీ ఎత్తి మైదానం మీదుగా విసిరాడు. జనం ఏం చేశారు? నవ్వుకున్నారు. నేను వెళ్ళేసరికి, పద్నాలుగేళ్ళ తర్వాత కూడా, ఆ కుర్చీ కథ మురిపెంగా చెప్పేవాళ్ళు. అదే అసలు ప్రమాదం. 2000లో పాత ప్రాక్టీస్ టేపు ఒకటి టీవీలో వేశారు. అందులో నైట్ చెయ్యి ఒక ఆటగాడి గొంతు మీద ఉంది. 1997 నాటి టేపు. మే నెలలో యూనివర్సిటీ 30,000 డాలర్ల జరిమానా, మూడు ఆటల నిషేధం వేసింది, ఇంకొక్క తప్పు చేస్తే ఇక ఉండనివ్వమని చెప్పింది. సెప్టెంబరులో ఒక విద్యార్థి "ఏంటి నైట్" అని పేరు పెట్టి పిలిచాడని చెయ్యి పట్టుకుని పాఠం చెప్పాడు. 10వ తేదీన తీసేశారు.

ఆ రాత్రి నేను అక్కడే ఉన్నాను. వేలమంది విద్యార్థులు యూనివర్సిటీ ప్రెసిడెంట్ ఇంటి మీదికి వెళ్ళారు, దిష్టిబొమ్మ తగలబెట్టారు. మా అపార్ట్‌మెంట్‌లో నలుగురం తెలుగువాళ్ళం కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాం. టేపులో గొంతు కనబడిన కుర్రాడి గురించి ఆ గుంపులో ఒక్కరూ మాట్లాడలేదు.

శ్రీను గారూ, గేదె సామెత మీకు ఒక వైపే చెబుతుంది. పాలు తాగింది మనం, తన్నులు తిన్నది వేరే వాళ్ళ పిల్లలు.

నిజామాబాద్_శ్రీను

బాబు అన్నా, దీనికి నా దగ్గర జవాబు లేదు. ఆలోచిస్తా.

గుంటూరు_గోపి

నైట్‌నీ హర్లీనీ ఒక గాటన కట్టడం అన్యాయం. హర్లీ ఎవరి గొంతూ పట్టుకోలేదు. నోటి దురుసు వేరు, చెయ్యి చేసుకోవడం వేరు. అలాంటిది జరిగినట్టు ఎక్కడా ఆరోపణ కూడా లేదు.

బ్లూమింగ్టన్_బాబు

గోపి గారూ, ఒకటే అనలేదు. కుర్చీ విసిరినప్పుడే ఎవరైనా గట్టిగా చెప్పి ఉంటే టేపు దాకా వచ్చేది కాదేమో అని నా బాధ. తనని తీసేశాక నైట్ 20 ఏళ్ళు ఆ మైదానంలో అడుగు పెట్టలేదు. 2020 ఫిబ్రవరిలో వచ్చాడు, అప్పటికే ముసలివాడు, నడక తడబడుతోంది. పాత ఆటగాళ్ళు చుట్టూ నిలబడ్డారు. టీవీలో చూస్తూ నేనూ ఏడ్చాను. 2023 నవంబరులో పోయాడు. ఆ 20 ఏళ్ళు ఎవరికి లాభం? అహం ఆయన్నే ఎక్కువ కాల్చింది.

మూడు_పాయింట్ల_మూర్తి

హర్లీ సంగతి తెలుసుకోవాలంటే వాళ్ళ ఇల్లు తెలియాలి. తండ్రి బాబ్ హర్లీ సీనియర్, జెర్సీ సిటీలో ప్రొబేషన్ ఆఫీసర్‌గా చేస్తూ సెయింట్ ఆంథొనీ అనే చిన్న స్కూల్లో కోచింగ్ చేశాడు. పాతికకు పైగా రాష్ట్ర టైటిళ్ళు, 2010లో బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు. స్కూలు జట్టు కోచ్‌కి అది దక్కడం ఎంత అరుదో చూడండి. డబ్బుల్లేక ఆ స్కూలే 2017లో మూతపడింది. అన్న బాబీ డ్యూక్ యూనివర్సిటీలో పాయింట్ గార్డ్, 1991, 1992లో కప్పులు.

ఆ ఇంట్లో రెండో కొడుకు డాన్. సీటన్ హాల్ యూనివర్సిటీకి ఆడుతుంటే అవతలి జట్టు అభిమానులు అన్నతో పోల్చి ఎగతాళి చేసేవారు. 1993లో తట్టుకోలేక సీజన్ నడుస్తుండగానే ఆడడం ఆపేశాడు. డిప్రెషన్‌తో పడ్డ బాధ గురించి ఆయనే బహిరంగంగా చెప్పాడు. తర్వాత తిరిగొచ్చి ఆడాడు. హైస్కూల్ కోచ్‌గా నెవార్క్‌లో ఏళ్ళ తరబడి చేసి, వాగ్నర్, రోడ్ ఐలాండ్ కాలేజీలు దాటి 2018లో యూకాన్‌కు వచ్చాడు.

"అందరికంటే గొప్ప కోచ్‌ని నేను" అని అరిచిన మనిషి ఒకప్పుడు సొంత ఇంట్లోనే తండ్రి, అన్న తర్వాత మూడోవాడు. నాకు అది గొప్పలు చెప్పుకోవడంలా వినపడలేదు. ఇంకా నమ్మకం కుదరక తనకు తానే చెప్పుకుంటున్నట్టుంది.

పద్మ_నాక్స్‌విల్

మూర్తి గారు రాసింది కదిలించింది. కానీ గాయం ఉంది కాబట్టి అరవొచ్చు అనడం నాకు ఒప్పుదల కాదు. గాయాలు రెఫరీలకూ ఉంటాయి.

ఇదే అరుపులు ఒక ఆడ కోచ్ అరిస్తే ఇంత చర్చ కూడా ఉండేది కాదు, గయ్యాళి అని ఒక్క మాటతో తేల్చేసేవారు. మా ఊళ్ళో టెన్నెసీ యూనివర్సిటీ మహిళల జట్టు కోచ్‌గా పాట్ సమిట్ 38 సీజన్లు, 1,098 విజయాలు, ఎనిమిది కప్పులు. ఆమె చూపు చాలు, కుర్రపిల్లలు బిగుసుకుపోయేవారు. కఠినం అంటే అలాంటి ఇలాంటి కఠినం కాదు. క్లాసులో మొదటి మూడు వరసల్లో కూర్చోవాలని నియమం. నాలుగేళ్ళూ ఆడిన ప్రతి అమ్మాయీ డిగ్రీ తీసుకునే వెళ్ళింది. ఆ కఠినమంతా పిల్లల కోసమని పిల్లలకు తెలుసు. 2011లో అల్జీమర్స్ వచ్చిందని ఆమె చెప్పినప్పుడు ఊరు ఊరంతా ఏడ్చింది.

ఆవిడకి అహం లేదా? ఉంది, బోలెడు. అది లేకపోతే 1974లో 22 ఏళ్ళ వయసులో, ఆడవాళ్ళ ఆటని ఎవరూ పట్టించుకోని రోజుల్లో, తనే వ్యాను నడుపుతూ, యూనిఫాంలు ఉతుకుతూ జట్టుని నిలబెట్టేది కాదు.

స్టోర్స్_స్వాతి

పద్మక్కా, మా క్యాంపస్‌లో మహిళల జట్టు కోచ్ జీనో ఆరియెమ్మాకి కూడా పదికి పైగా కప్పులు ఉన్నాయి. ఆయన మాటకారితనం, చురకలు జగమెరిగినవే. ఇద్దరూ ఒకే భవనంలో. ఆ రెండు అహాలకి ఆ గోడలు ఎలా సరిపోతున్నాయో మరి.

కృష్ణలంక_కిరణ్

నా సొంత అనుభవం చెబుతాను. 2000 ప్రాంతంలో విజయవాడలో ఇంజనీరింగ్ చదువుతూ కాలేజీ జట్టుకు ఆడేవాణ్ణి. మా కోచ్‌కి మా వైపు మంచి పేరు. మూడేళ్ళు వరసగా కప్పులు తెచ్చాడు. ఉదయం ఐదింటికి సిమెంటు కోర్టు మీద పరుగులు, ఆలస్యమైతే ఎండలో నిలబెట్టడం. దానికి నాకు అభ్యంతరం లేదు. ఆ పరుగుల వల్లే ఈ రోజుకీ మోకాళ్ళు బాగున్నాయి.

ఒక సెమీఫైనల్లో ఆయన చెప్పిన ఆట పనిచెయ్యట్లేదు. అవతలి వాళ్ళు పట్టేశారు. నేను దాన్ని వదిలేసి కట్ చేసుకుంటూ లోపలికి వెళ్ళి రెండుసార్లు బుట్టలో వేశాను. మూడు పాయింట్ల ఆధిక్యం వచ్చింది. వెంటనే టైమవుట్ అడిగి నన్ను బయట కూర్చోబెట్టాడు. మిగిలిన ఎనిమిది నిమిషాలూ బెంచి మీదే. ఓడిపోయాం. తిరుగు రైల్లో అందరి ముందూ అన్నాడు: "నా మాట వినకుండా గెలిచే గెలుపు నాకొద్దు."

నేను ఆ రోజు నేర్చుకున్నది ఇది: కోచ్ అహం ఎంతుంది అని కాదు చూడాల్సింది. ఆటా తనూ ఎదురెదురుగా నిలబడితే దేన్ని ఎంచుకుంటాడు అని. మా ఆయన తనని ఎంచుకున్నాడు.

హర్లీ మౌయిలో ఆ 40 సెకన్లలో ఏది ఎంచుకున్నాడో మీరే చెప్పండి. నాకు రైలు గుర్తొచ్చింది.

మూడు_పాయింట్ల_మూర్తి

కిరణ్ గారూ, మీ కొలత బాగుంది. దానితోనే కొలుద్దాం. హర్లీ ఆఫెన్స్ (పాయింట్లు రాబట్టే వ్యూహం) అంతా తన బుర్రలోంచి వచ్చిందని చెప్పుకోడు. సహాయ కోచ్‌గా ఉన్న లూక్ ముర్రేకి ఆ పేరు ఇచ్చాడు, బహిరంగంగా ఇచ్చాడు. ముర్రే వాళ్ళ నాన్న నటుడు బిల్ ముర్రే, ఆటలకొచ్చి కూర్చున్నాడు కూడా. ఇంకో సహాయ కోచ్ కిమానీ యంగ్ ఏళ్ళ తరబడి పక్కనే ఉన్నాడు. తన మాటే చెల్లాలనేవాడు ఇలా చెయ్యడు. ఆటని ఎలా ఆడాలన్న విషయంలో అతనికి అహం తక్కువ. రెఫరీ కనబడేసరికే ఏదో అవుతుంది.

కృష్ణలంక_కిరణ్

సహాయకుల మాట వింటాడన్నది నాకు తెలియదు. అది పెద్ద విషయమే. మా ఆయనకి పక్కన మనిషి అంటూ ఎవరూ ఉండేవారు కాదు.

రిచ్మండ్_రమేష్

అరవకుండా గెలవలేరా? టోనీ బెనెట్‌ని చూడండి, మా వర్జీనియా యూనివర్సిటీ మాజీ కోచ్. 2018లో ఒకటో సీడ్‌గా వెళ్ళి 16వ సీడ్ యూఎంబీసీ చేతిలో 74-54తో ఓడాడు. పురుషుల టోర్నమెంటులో అంతకు ముందెన్నడూ జరగని ఘోరం. దేశమంతా నవ్వింది. ఆయన మైకు ముందు కూర్చుని అవతలి జట్టుని మెచ్చుకుని వెళ్ళాడు. మరుసటి ఏడాది అదే కుర్రాళ్ళతో కప్పు. ఆ తర్వాత జీతం బాగా పెంచుతామంటే వద్దన్నాడు, సిబ్బందికి పెట్టండి అన్నాడు. పైగా తన డబ్బు అయిదు లక్షల డాలర్లు ఆటగాళ్ళ కోసం ఇచ్చాడు.

గుంటూరు_గోపి

రమేష్ గారూ, మనిషి బంగారం, ఒప్పుకుంటా. కానీ 2019 కప్పు తర్వాత ఆయన టోర్నమెంటులో ఒక్క ఆట కూడా గెలవలేదు. 2024 అక్టోబరులో సీజన్ మొదలవ్వబోతుంటే తప్పుకున్నాడు. ఈ రోజుల్లో కాలేజీ ఆట తనకి సరిపడదన్నాడు. మంచితనంతో నెగ్గలేకపోయానని ఆయనే చెప్పినట్టయింది కదా.

రిచ్మండ్_రమేష్

అలా చెప్పలేదు గోపీ. డబ్బు, బదిలీలు ఇలా అయిపోయాక ఈ పనికి తాను తగిన మనిషిని కానని చెప్పాడు. "నేను తగను" అనగలగడం ఎంతమందికి చేతనవుతుంది? అహం ఉన్నవాడి నోట ఆ మాట రాదు.

పద్మ_నాక్స్‌విల్

డీన్ స్మిత్ గురించి ఎవరూ అనలేదే. నార్త్ కరోలైనా, 879 విజయాలు, రెండు కప్పులు. బుట్టలో వేసినవాడు పాస్ ఇచ్చినవాడి వైపు వేలు చూపించాలని నేర్పింది ఆయనే. 2015లో పోయాక వీలునామా తెరిస్తే, తన దగ్గర ఆడిన దాదాపు 180 మందికి తలా 200 డాలర్లు రాసి ఉంది, "భోజనానికి వెళ్ళండి, మీ కోచ్ ఇస్తున్నాడు" అన్నట్టుగా. ఆడిన వాళ్ళంటే పేరున్న వాళ్ళే కాదు, బెంచి మీద కూర్చుని వెళ్ళినవాళ్ళకీ వచ్చింది.

ఎడిసన్_రెఫరీ

ఈ 200 డాలర్ల సంగతి నాకు తెలియదు. మా ఆవిడకి చదివి వినిపించాను.

గ్లాస్టన్‌బరీ_గిరి

నేను పన్ను కట్టేవాడిగా మాట్లాడతాను. యూకాన్ ప్రభుత్వ యూనివర్సిటీ. 2024 జులైలో హర్లీతో ఆరేళ్ళకు 5 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నారు. అప్పటికి రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల్లో ఎవరికీ అంత జీతం లేదు. క్రీడా విభాగం తన ఖర్చు తాను రాబట్టుకోలేక యూనివర్సిటీ నుంచి తీసుకుంటోంది. అంత ఇస్తున్నప్పుడు "ఆయన అంతే, కసి ఎక్కువ" అని సరిపెట్టుకోవాలా? మా ఆఫీసులో నేను క్లయింటు మీద అలా అరిస్తే సాయంత్రానికి బ్యాడ్జీ తీసుకుంటారు.

వీడియో తీసేయమని విలేకరిని బెదిరించిన సంగతి నాకు అన్నిటికంటే ఎక్కువ కష్టంగా ఉంది. కోచ్ కోపంలో అన్నాడు, సరే. ఆ మాట కప్పిపుచ్చడం తన ఉద్యోగం అని ఇంకొకడు అనుకున్నాడు. ఒకరి అహం చుట్టూ మిగతా వాళ్ళు అలా తయారవుతారు. బాబు గారి ఇండియానా కథలో జనం కుర్చీని మురిపెంగా చెప్పుకున్నట్టే.

గుంటూరు_గోపి

5 కోట్లు అంటారు గానీ, అంతకు నెల ముందు ఎన్‌బీఏ జట్టు లేకర్స్ ఆరేళ్ళకు 7 కోట్లు ఇస్తామంటే వద్దని స్టోర్స్‌లోనే ఉన్నాడు. అహం ఉన్నవాడు లాస్ ఏంజెలెస్ వెలుగులు వదులుకుని ఆవుల డెయిరీ పక్కన ఉంటాడా?

స్టోర్స్_స్వాతి

డెయిరీ బార్ ఐస్‌క్రీమ్ తిన్నాక మాట్లాడండి గోపి గారూ, ఎవరైనా ఉండిపోతారు.

గ్లాస్టన్‌బరీ_గిరి

లేకర్స్‌లో అప్పుడు సూపర్‌స్టార్ లెబ్రాన్ జేమ్స్ ఉన్నాడు గోపీ. అక్కడ జట్టులో మొదటి పేరు కోచ్‌ది కాదు. స్టోర్స్‌లో ఆయనదే. కాదన్నది ప్రేమతోనో, ఇక్కడ రాజు కాబట్టో, బయటి నుంచి మనకి తెలియదు. రెండూ అయ్యుండొచ్చు.

మూడు_పాయింట్ల_మూర్తి

ఒక విషయం ఎవరూ అనలేదు. నైట్ రోజుల్లో ఆటగాడు వేరే కాలేజీకి వెళ్ళాలంటే ఒక ఏడాది కూర్చోవాలి. అంటే కోచ్ ఏం చేసినా భరించాలి. 2021 నుంచి కూర్చోనక్కర్లేదు, 2024 నుంచి ఎన్నిసార్లయినా మారొచ్చు. పేరు మీద డబ్బు సంపాదించుకునే వీలు కూడా 2021 జులైలోనే వచ్చింది. ఇప్పుడు తిట్లు నచ్చకపోతే కుర్రాడు ఏప్రిల్‌లో పోర్టల్‌లో (కాలేజీ మారాలనుకునేవాళ్ళ జాబితా) పేరు ఇచ్చి వెళ్ళిపోతాడు. కాబట్టి హర్లీ లాంటివాడి దగ్గర కుర్రాళ్ళు నిలబడుతున్నారంటే, అరుపుల వెనక ఏదో ఉంది. స్వాతి గారు అన్న కారబాన్ సంగతి అందుకే బలమైనది.

ఒక్క మాట మర్చిపోకండి. యూకాన్‌లో హర్లీ మొదటి సీజన్ 16 గెలుపులు, 17 ఓటములు. మొదటి నాలుగేళ్ళలో టోర్నమెంటులో ఒక్క విజయం లేదు. 2021లో మేరీలాండ్, 2022లో న్యూ మెక్సికో స్టేట్ మొదటి రోజే ఇంటికి పంపించాయి. అప్పుడు కూడా ఇలాగే అరిచేవాడు. కప్పుల వల్ల తలకెక్కింది అనడం సరికాదు.

కృష్ణలంక_కిరణ్

కారబాన్‌కి ఎక్కడైనా చోటు ఉంది మూర్తి గారూ. జట్టులో పదకొండో వాడు, పన్నెండో వాడు ఎక్కడికి పోతాడు? వాడికి మంచి కాలేజీ నుంచి పిలుపు రాదు. స్కాలర్‌షిప్ పోతుందన్న భయం ఉంటుంది. నేను అలాంటివాణ్ణే. కోచ్ ఎలాంటివాడో పన్నెండో వాణ్ణి అడగాలి, స్టార్‌ని కాదు. డీన్ స్మిత్ 200 డాలర్లు నాకు అంత నచ్చింది అందుకే.

మూడు_పాయింట్ల_మూర్తి

నిజమే. యూకాన్ పన్నెండో వాడు ఏమంటాడో నేనెప్పుడూ చదవలేదు.

నిజామాబాద్_శ్రీను

రెండు రోజులు ఆలోచించా. గేదె సామెత వెనక్కి తీసుకుంటున్నా. కానీ హర్లీని వదులుకోను. రెఫరీల మీద అరవడం మానేస్తే చాలు. సొంత కుర్రాళ్ళ మీద ఎంత అరుస్తాడో అది వాళ్ళూ ఆయనా చూసుకుంటారు.

పద్మ_నాక్స్‌విల్

చూసుకుంటారు అంటే మళ్ళీ ఇండియానాకే వస్తాం శ్రీనూ. ప్రాక్టీస్ తలుపులు మూసి ఉంటాయి. టేపు మూడేళ్ళకి బయటికొచ్చింది.

ఎడిసన్_రెఫరీ

హరి గారూ, మీ అబ్బాయి సంగతి ఏమైంది? మొదలుపెట్టింది మీరే, తర్వాత కనబడలేదు.

హార్ట్‌ఫర్డ్_హరి

అన్నీ చదువుతూనే ఉన్నాను. బాబు గారి పోస్టు మా ఆవిడకి కూడా చదివించాను.

నిన్న రాత్రి మా వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని మెంఫిస్ ఆట చివరి నిమిషం పెట్టాను. తిట్టలేదు, నీతులు చెప్పలేదు. హర్లీ అరిచాక వేసిన ఫ్రీ త్రోలతో మెంఫిస్‌కి ఎన్ని పాయింట్లు వచ్చాయో లెక్కపెట్టు అన్నాను. "ఫౌల్‌కి రెండు, కోచ్‌కి రెండు, నాలుగు" అన్నాడు. ఎంతలో ఓడాం అని అడిగాను. రెండు అన్నాడు. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "కానీ నాన్నా, అది ఫౌల్ కాదు కదా" అన్నాడు.

ఈ రోజు పొద్దున్న ఆ రెఫరీ అమ్మాయికి ఒక చీటీ రాశాడు, సారీ అని. నేను చెప్పలేదు, వాళ్ళమ్మ చెప్పిందేమో. శనివారం ఇస్తాడట. హర్లీ ఫొటో గోడ మీదే ఉంది. తియ్యమని నేను అడగలేదు.

గుంటూరు_గోపి

పిల్లాడు చెప్పింది నిజం. అది ఫౌల్ కాదు.

ఎడిసన్_రెఫరీ

మళ్ళీ స్లోలో చూశాను గోపి గారూ. చెయ్యి వీపు మీద ఉంది. నేనైనా ఊదేవాణ్ణేమో.